ఎన్నేళ్లప్పుడు మొదలైంది?

"మా నాయనకు గిట్లనే షురూ అయింది. మా రక్తంలనే ఉంది."

హైదరాబాద్ బేగంబజార్ స్టీలు సామాన్ల గల్లీలో, గోదాం తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తురాక గల్లాపెట్టె అంతా తిరగేసిన యాభై ఏళ్ల మనిషి నోట వచ్చే మాట ఇది. మతిమరుపు జబ్బును చూసిన ఇంట్లో పెరిగినవాళ్లకు తాళంచెవి పోవడం చిన్న విషయంగా అనిపించదు. నాన్న గుర్తొస్తాడు. ఒకే బాకీకి రెండుసార్లు రసీదు రాసిచ్చిన రోజు, నిన్న పంపిన సరుకునే ఇవాళ మళ్లీ ఆటో ఎక్కించమన్న రోజు, జీవితమంతా నడిచిన దారిలో ఉస్మాన్‌గంజ్ దగ్గర ఆగిపోయి ఇల్లెటని అడిగిన రోజు, అన్నీ వరసగా గుర్తొస్తాయి.

ఆ భయం ఉన్నవాళ్లను నేను మొదట అడగమనేది ఒక్కటే. మీ నాన్నగారికి, లేదా అమ్మగారికి, అది ఎన్నేళ్లప్పుడు మొదలైంది?

చాలామందికి జవాబు తెలియదు. పోయిన సంవత్సరం తెలుసు, తద్దినం తిథి తెలుసు, ఆఖరి రెండేళ్లు ఎంత కష్టపడ్డారో తెలుసు. మొదలైన వయసు మాత్రం ఎవరూ పట్టించుకోరు. వైద్యుడికి ముందు కావలసింది అదే. నలభై ఎనిమిదిలో మొదలైన డిమెన్షియా, డెబ్బై ఎనిమిదిలో మొదలైన డిమెన్షియా పైకి ఒకేలా కనిపించవచ్చు. జన్యువుల వైపు నుంచి చూస్తే రెండూ వేరు వేరు కథలు.

నలభైల్లో, యాభైల్లో వస్తే

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో అలోయిస్ అల్జీమర్ చూసిన ఆగస్టె డేటర్ అనే ఆవిడ వయసు అప్పటికి 51. ఆవిడ గురించి ఆయన 1906లో చేసిన ప్రసంగం నుంచే డిమెన్షియా తెచ్చే జబ్బుకు ఆయన పేరు వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అల్జీమర్స్ అంటే నడివయసు జబ్బనే వైద్యులు అనుకున్నారు. ముసలివాళ్లకు వస్తే వయసు మీద పడిందని వదిలేశారు. మన ఇళ్లలో చాదస్తం అని వదిలేసినట్టే.

నడివయసులోనే, తరం తర్వాత తరం, జబ్బు వరసగా వస్తున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వీటిలో మూడు జన్యువుల్లో మార్పులు దొరికాయి. 21వ క్రోమోజోము మీది ఏపీపీ, 14వ దాని మీది ప్రిసెనిలిన్-1, ఒకటో దాని మీది ప్రిసెనిలిన్-2. వీటిలో జబ్బు తెచ్చే మార్పు తల్లిలోనో తండ్రిలోనో ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ జబ్బు మొదలవుతుంది. "రక్తంలనే ఉంది" అన్న మాట అక్షరాలా వర్తించేది ఇక్కడే. అయితే మొత్తం అల్జీమర్స్ రోగుల్లో ఇలాంటివాళ్లు ఒక శాతం కూడా ఉండరు.

ఇంత గట్టి జన్యువు కూడా చివరి మాట కాదని ఒక కుటుంబం చూపించింది. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, ఆంటియోకియా ప్రాంతంలో, ప్రిసెనిలిన్-1 మార్పు వేలమంది ఉన్న ఒక పెద్ద వంశంలో పాకింది. మార్పు ఉన్నవాళ్లకు సాధారణంగా నలభైల్లోనే మతి తప్పడం మొదలవుతుంది. ఆ వంశంలోని ఒక స్త్రీకి మాత్రం డెబ్బైల దాకా ఏమీ కాలేదు. 2019లో శాస్త్రవేత్తలు కారణం ప్రకటించారు: ఆమెలో మరో జన్యువు తాలూకు అరుదైన రూపం రెండు ప్రతులుగా ఉంది. ఒక జన్యువు రాసిన తేదీని ఇంకో జన్యువు దాదాపు ముప్పై ఏళ్లు వెనక్కి నెట్టింది. ఆ రెండో జన్యువు పేరు ఏపీఓఈ. మీ నాన్నగారికి డెబ్బై దాటాక మొదలైందంటే, మీరు తెలుసుకోవలసిన పేరు అదే.

డెబ్బై దాటాక వస్తే

మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. వీళ్లలో అత్యధికులది ఈ రెండో కథే.

ఏపీఓఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ మెదడులో కొవ్వును ఒక కణం నుంచి ఇంకో కణానికి మోసుకెళుతుంది. అమిలాయిడ్ అనే చెత్త పేరుకోకుండా ఊడ్చే పనిలోనూ దానికి చెయ్యి ఉంది. ఇందులో ఈ2, ఈ3, ఈ4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ప్రతివాళ్లకూ రెండు ప్రతులుంటాయి. ఎక్కువమందిలో ఉండేది ఈ3. ఈ2 ఉంటే ముప్పు కొంత తగ్గుతుంది. ఈ4 ఉంటే పెరుగుతుంది. ఒక ప్రతి ఉంటే సుమారు రెండు మూడు రెట్లు, రెండూ ఈ4లే అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అని పాశ్చాత్య దేశాల లెక్కలు.

ఈ రెట్ల దగ్గరే మనిషి బెంబేలెత్తిపోతాడు. అందుకే నేను 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన పాత లెక్కనే ఎక్కువగా చెబుతాను. అల్జీమర్స్ బాగా ఉన్న 42 కుటుంబాలను తీసుకుని చూస్తే, ఈ4 లేనివాళ్లకు జబ్బు మొదలైన సగటు వయసు 84. రెండు ఈ4లు ఉన్నవాళ్లకు 68. జబ్బు ఉన్న కుటుంబాలనే ఏరి తీసుకున్నారు కాబట్టి ఆ సంఖ్యలు మామూలు జనానికి అలాగే అతకవు. కానీ అందులో కనిపించే సంగతి పక్కాది. ఈ4 చేసే పని తేదీని ముందుకు లాగడం. ఈ4 ఉన్నవాళ్లు ఎందరో జబ్బు రాకుండానే నిండు జీవితం గడిపి పోతున్నారు. ఈ4 ఒక్కటీ లేని రోగులూ బోలెడుమంది ఉన్నారు.

మన దగ్గర ఏమిటి పరిస్థితి? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలను, అమెరికాలోని పెన్సిల్వేనియా లోయ ఒకదాన్ని పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు. ఈ4 వాటా పెన్సిల్వేనియాలో 11 శాతం, బల్లభ్‌గఢ్‌లో 7. జబ్బు కూడా బల్లభ్‌గఢ్‌లో తక్కువే కనిపించింది. అయితే ఈ4 ఉన్నవాళ్లకు ముప్పు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉంది. 2022 నాటికి అల్జీమర్స్‌తో సంబంధం ఉన్న చోట్లు జన్యుపటంలో 75 దాకా గుర్తించారు. అవి ఎక్కువగా ఐరోపా మూలాలవాళ్ల రక్తంలోంచి తీసినవి. ఆ పట్టికతో తయారైన ముప్పు స్కోరు ఒకటి ఏ కంపెనీ అయినా మీకు అమ్మజూపితే, అది మీ కొలతలు తీసి కుట్టిన చొక్కా కాదని గుర్తుంచుకుంటే చాలు.

బేగంబజార్‌లో జన్యువుల మాట వస్తే కులం మాట రాక తప్పదు. పెళ్లిళ్లు తరతరాలుగా తమలో తామే చేసుకున్న కొన్ని సమూహాల్లో కొన్ని జబ్బులు ఎక్కువ. మన వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం మిగతావాళ్లకంటే ఎంతో ఎక్కువ. మత్తుమందుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వాళ్లకు తొందరగా విరగదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీని గురించి 2017లోనూ రాశారు. (ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు "మేం కోమట్లం" అని చెప్పుకునే పెద్దవాళ్లను చూసి నవ్వకండి. వాళ్లు చేస్తున్నది సరైన పని.) అగర్వాల్ కుటుంబాల్లో పసిపిల్లల మెదడుకు వచ్చే ఒక అరుదైన జబ్బు ఉంది. వృద్ధాప్యంలో వచ్చే డిమెన్షియా అలా ఒక కులానికో ఇంటిపేరుకో అంటుకున్నది కాదు. మేనరికాలు ఎక్కువున్న ఇళ్లలో ఈ4 రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతే. సంబంధం చూడబోయి "వాళ్లింట్లో మతిమరుపు ఉంది" అని వెనక్కి తగ్గేవాళ్లు, తమ ఇంట్లో దాచిపెట్టినదాన్ని ఒకసారి లెక్కేసుకుంటే మంచిది.

తేదీని వెనక్కి జరిపేవి

జన్యువు తేదీని ముందుకు లాగితే, దాన్ని వెనక్కి లాగేదేమైనా ఉందా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా చెప్పుకున్న జవాబుల్లో ఒకటి హైదరాబాద్ పంజాగుట్టలోంచి వచ్చింది.

నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీశారు. వాళ్లలో 391 మంది రెండో భాష మాట్లాడేవాళ్లు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, ఏవైనా సరే. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో అచ్చయిన లెక్క ప్రకారం, ఒకే భాష తెలిసినవాళ్లకంటే వీళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు, ఉద్యోగం, ఊరు, పట్నం అన్నీ సరిచూసినా ఆ తేడా నిలిచింది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఉంది. అక్కడ ఇంకా ఎక్కువే, ఆరేళ్ల దాకా. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు.

విదేశాల్లో ఇలాంటి అధ్యయనం చేస్తే రెండు భాషలవాళ్లంటే వలస వచ్చినవాళ్లే అవుతారు. ఆ తేడా భాషదో వలసదో తేల్చడం కష్టం. హైదరాబాద్‌లో రెండు భాషలు రావడానికి ఎవరూ ఎక్కడికీ వలస పోనక్కర్లేదు. బేగంబజార్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు. కూతురి పెళ్లికి సామాన్లు కొనడానికి సిద్దిపేట నుంచి వచ్చిన ఆవిడ గంగాళం చూపించి ధర అడుగుతుంది. సేఠ్ తెలుగులో కిలో రేటు చెబుతాడు. వెనక్కి తిరిగి తమ్ముణ్ణి మార్వాడీలో ఏదో అడుగుతాడు. హమాలీని దక్కనీలో కసురుతాడు. గంగాళం కాంటా ఎక్కుతుంది, బరువును రేటుతో నోటిలెక్కన గుణించి, పైన చిల్లర ఎంత తగ్గించాలో అప్పుడే తేల్చుకుని, మళ్లీ ఆవిడకు తెలుగులో ఆఖరి మాట చెబుతాడు. ఆవిడ ఒప్పుకోదు. మళ్లీ మొదలు.

ఒక భాషను నొక్కిపెట్టి ఇంకో భాషను పైకి తీయడం, మాట మధ్యలో మళ్లీ తిరగేయడం మెదడుకు రోజంతా జరిగే కసరత్తు అని పరిశోధకుల ఊహ. క్లినిక్‌కు వచ్చినవాళ్ల మీద చేసిన లెక్క కాబట్టి దీన్ని వేదవాక్యంగా తీసుకోకూడదు. జనాన్ని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన కొన్ని విదేశీ అధ్యయనాల్లో ఇలాంటి లాభం దొరకలేదు కూడా. అరవైలో ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకోమని నేను చెప్పను.

చెప్పేది ఇది: కొడుకులు ఎదగ్గానే "ఇగ చాలు నాన్నా, ఇంట్ల రెస్టు తీసుకో" అని పెద్దాయనను దుకాణం నుంచి లేపేయకండి. ప్రేమతోనే అంటారు. ఆ ఒక్క మాటతో ఆయనకు మూడు భాషలు, నోటిలెక్కలు, బేరాలు, నడక, పక్క దుకాణం దోస్తులు ఒకేసారి పోతాయి. టీవీ మిగులుతుంది. మతిమరుపు మొదలైందని అనుమానం ఉన్నా సరే, ఆయన గద్దె ఆయనకు ఉంచండి. చెక్కుబుక్కు, పెద్ద ఆర్డర్లు, ఫోన్‌లో డబ్బు పంపే పని మాత్రం తీసుకోండి. ఈ రెండింటినీ విడదీయడం తెలియక కొన్ని ఇళ్లు దివాలా దాకా వస్తాయి, కొన్ని ఇళ్లు మనిషిని ముందే మూలన కూర్చోబెడతాయి.

లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2024లో మార్చుకోదగిన కారణాలు పద్నాలుగు లెక్కపెట్టింది. అవన్నీ సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా దాదాపు 45 శాతం తగ్గించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అంటుంది. బీపీ, షుగర్, పొగ, మద్యం, కొలెస్ట్రాల్, కదలని ఒళ్లు, ఒంటరితనం లాంటివి మీకు తెలిసినవే, ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టను. జన్యుముప్పు ఎక్కువున్నవాళ్లకు వీటివల్ల లాభం ఉంటుందా అన్నదే అసలు సందేహం. బ్రిటన్‌లో సుమారు 1,96,000 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, జన్యుముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలోనే మంచి అలవాట్లు ఉన్నవారికి, చెడ్డ అలవాట్లున్నవారికంటే డిమెన్షియా 32 శాతం తక్కువగా వచ్చింది.

పద్నాలుగింటిలో మన ఇళ్లలో ఎవరూ లెక్కచేయనిది చెవి. తోపుడుబండ్ల కేకలు, హారన్లు, రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య బతుకు గడిపిన మనిషికి అరవై వచ్చేసరికి సగం మాటలు వినపడవు. వినపడని మాటకు తప్పు జవాబిస్తే ఇంట్లోవాళ్లు మతిమరుపు అంటారు. అద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడని మనిషి చెవి మిషన్ అనేసరికి "నేనేమన్న చెవిటోణ్నా" అంటాడు. అమెరికాలో 977 మంది మీద మూడేళ్లు జరిగి 2023లో ప్రచురితమైన పరీక్షలో, వినికిడి యంత్రాల వల్ల అందరినీ కలిపి చూస్తే తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. ఇంట్లో చరిత్ర ఉన్నవాళ్లు ముందు చెవి పరీక్ష చేయించుకోవాలని నేననడానికి కారణం అదే.

ఆ పద్నాలుగింటిలో లేకపోయినా చూసుకోవలసిన రెండోది బి12. ఈ బజారులో తరాలుగా శాకాహారులైన కుటుంబాలు ఎన్నో. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా బి12 తగ్గుతుంది. రెండూ కలిసిన మనిషికి మందకొడితనం, తిమ్మిర్లు, మరుపు వస్తే జన్యువులను తిట్టుకునే ముందు ఒక రక్తపరీక్ష చాలు. థైరాయిడ్ కూడా అంతే. దిగులు జబ్బు ఉందేమో కూడా చూసుకోవాలి. ఇవి తొందరగా పట్టుకుంటే సరిదిద్దగలిగినవి.

పరీక్ష చేయించుకోవాలా?

ఉమ్ము తీసి పంపితే ఏపీఓఈ చెప్పే కంపెనీలు ఉన్నాయి. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకడైన జేమ్స్ వాట్సన్, 2007లో తన జన్యుక్రమం మొత్తం బయటపెట్టడానికి ఒప్పుకుని, ఏపీఓఈ ఒక్కటి మాత్రం తనకు చెప్పవద్దన్నాడు. ఆయన నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరికి అల్జీమర్స్. పిరికితనం అనుకోకండి. 2014లో అమెరికాలో 144 మంది పెద్దవాళ్లతో చేసిన ఒక అధ్యయనంలో, తమకు ఈ4 ఉందని తెలిసినవాళ్లు, ఉన్నా తెలియనివాళ్లకంటే జ్ఞాపకశక్తి పరీక్షలో తక్కువ చేశారు. భయం కూడా మార్కులు తీసేస్తుంది. సలహాదారు పక్కనుండి నెమ్మదిగా చెబితే ఎక్కువమంది తట్టుకున్నారని ఇంకో అధ్యయనం చెబుతోంది.

నా మట్టుకు నేను చెప్పేది: డెబ్బై దాటాక మొదలైన ఇంట్లో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ పరీక్షతో పని లేదు. ఫలితం ఏదైనా చేయవలసినవి అవే. జబ్బు నిర్ధారణ అయి, లెకానెమాబ్ లాంటి కొత్త మందు మొదలుపెట్టాలని వైద్యుడు అనుకుంటే అప్పుడు మాట వేరు. రెండు ఈ4లు ఉన్నవాళ్లకు ఆ మందువల్ల మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఎక్కువ. అందువల్ల ముందే చూడాలి. అలాగే రెండు తరాల్లో అరవైకి ముందే మొదలైన ఇల్లయితే కంపెనీ డబ్బా జోలికి పోకుండా నేరుగా జన్యు సలహా విభాగానికి వెళ్లండి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యుపరీక్షల కేంద్రం ఉంది. జబ్బు లక్షణాలేవీ లేని మైనరు పిల్లలకు ఈ పరీక్షలు చేయించకండి. వాళ్లు పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో వాళ్లిష్టం.

కాగితం మీద పెట్టండి

ఇక ఆ మొదటి ప్రశ్నకు జవాబు సంపాదించే పని. ఒక తెల్లకాగితం తీసుకుని తాతలు, నానమ్మలు, అమ్మానాన్న, వాళ్ల అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల పేర్లు వరసగా రాయండి. ఒక్కొక్కరి పక్కన మతి తప్పడం మొదలైన వయసు, పోయిన వయసు, బీపీ, షుగర్, పక్షవాతం, చెవుడు, తాగుడు. పక్షవాతం తర్వాతే మరుపు మొదలైతే అది విడిగా రాయాలి. అది అల్జీమర్స్ కాక రక్తనాళాల వల్ల వచ్చిన డిమెన్షియా కావచ్చు, దానికి కట్టడి వేరు.

మగవాళ్లను అడిగితే "ఆఖర్ల జరంత మతిలేకుండె" అని ముగిస్తారు. మేనత్తను అడగండి, పెద్దకోడలిని అడగండి. స్నానం చేయించిందీ, పెట్టిన అన్నం మళ్లీ పెట్టిందీ వాళ్లే. వాళ్లు సంవత్సరంతో చెప్పకపోవచ్చు. "చిన్నోడి పెళ్లప్పుడు కట్నాలు చదివించినవాళ్ల పేర్లు రెండుసార్లు రాయించిండు" అంటారు. పెళ్లి ఏ ఏడో మీకు తెలుసు, అందులోంచి ఆయన పుట్టిన ఏడు తీసేయండి.

కాగితంతో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి: పెద్దాయన లెక్కలు ఏ భాషలో చేస్తారో. వందలోంచి ఏడేసి తగ్గించమనే పరీక్షను దుకాణం లెక్క మార్వాడీలో చేసే మనిషికి ఇంగ్లీషులో పెడితే, లేని జబ్బు కనిపిస్తుంది. ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సంచి తెలుగు, హిందీ, కన్నడం, మలయాళం, బెంగాలీల్లో ఉంది. ఏ భాషలో పెట్టమంటారో డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.